మేస్త్రి గారు తీసిన హీటర్ ప్లగ్గులు

మేస్త్రి గారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో చేపల మేత బస్తాలు బండికెక్కిస్తున్నాను. "నాన్నగారు పొద్దున పోయారండీ, నిద్రలోనే" అంది. సరేనమ్మా, వస్తున్నానన్నాను. మిగిలిన బస్తాలు కూడా ఎక్కించి, తాడు కట్టి, ముడి సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయన మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చి, గుండుగొలను దగ్గర రేకుల షెడ్డులో డీజిల్ బండ్లు బాగుచేసేవారు. నేను వేలంలో పాత మిలిటరీ ట్రక్కు కొంటే మా కొల్లేరు వాళ్ళంతా నవ్వారు. ఆయన మాత్రం చుట్టూ తిరిగి చూసి, "ఎత్తుగా ఉందండీ, మీ ఊరికి పనికొస్తుంది" అన్నారు. ఎవరినైనా అండీ అనేవారు. బిగుసుకుపోయిన నట్టుని కూడా "రండి, రండి" అని బతిమాలేవారు. టీ పూర్తిగా చల్లారాక గాని తాగేవారు కాదు.

డీజిల్ ఇంజను చల్లబడితే తొందరగా అంటుకోదు. లోపల వేడి పుట్టించడానికి సిలిండరుకొక హీటర్ ప్లగ్గు ఉంటుంది. ఒక వానాకాలం మా బండివి పాడైతే, ఇంతదానికి ఆయన్నెందుకు పిలవడమని ఏలూరులో నాలుగు కొని నేనే బిగించాను. మిలిటరీ బండికి ఇరవైనాలుగు వోల్టులు. నేను కొన్నవి పన్నెండు వోల్టులవి. ఒక్కసారి తాళం తిప్పేసరికి నాలుగూ మాడిపోయాయి.

మర్నాడే కొల్లేరు పొంగింది. పక్కింటి కోడలికి నొప్పులొచ్చాయి. అంబులెన్సు నీళ్ళకి అవతలే ఆగిపోయింది. ఆ నీళ్ళలో ఆ పిల్లని పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగింది నా బండొక్కటే, అది స్టార్టవడం లేదు. మేస్త్రి గారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్క మనిషే పట్టే చిన్న పడవలో వచ్చారు, తన దగ్గరున్న ప్లగ్గులు గుడ్డలో చుట్టుకుని.

మొదటిది విప్పి చూశారు. కొన వాచిపోయి ఉంది.

"ఇవి ఎవరు పెట్టారండీ?"

"నేనేనండీ."

ఆయన రెండోదీ మూడోదీ విప్పి పక్కన పెట్టారు. నాలుగోది కదల్లేదు. నేను స్పానరు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇనుముతో దెబ్బలాడకూడదండీ. ముక్క లోపల పడితే ఇంజను పోతుంది." నూనె పోసి, కాస్త వదులు చేసి, మళ్ళీ కాస్త బిగించి, మళ్ళీ వదులు చేశారు. అరుగు మీద నుంచి ఆ పిల్ల అత్తగారు అడుగుతూనే ఉంది, "ఇంకెంతసేపండీ?" అని. "అయిపోయిందమ్మా" అని ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పారు. గంటన్నర పట్టింది. చివరికది బయటికొచ్చింది. కొత్తవి బిగించి, "ఇరవై లెక్కపెట్టి అప్పుడు తిప్పండి" అన్నారు. లెక్కపెట్టాను. తెల్లటి పొగ కక్కి బండి అందుకుంది.

ఆ పిల్లని ఏలూరు చేర్చాను. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఊరంతా నన్ను మెచ్చుకుంది. పాత బండి మొరాయించిందనే అందరూ అనుకున్నారు. మేస్త్రి గారు పక్కనే ఉండి విన్నారు. "పాత బండ్లంతేనండీ" అన్నారు, నా వైపు చూడకుండా.

ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. క్షమించండని ఒకసారైనా అనలేదు, థాంక్సూ చెప్పలేదు. ఎప్పుడు షెడ్డుకెళ్ళినా మరో మాటే వచ్చేది. ఇక నాకొక్కడికే తెలుసు. అందుకే మీకు చెబుతున్నాను.

అంత్యక్రియలు అయ్యాక ఇంటికి బయల్దేరాను. దారిలో రైలు గేటు పడితే బండి ఆపాను. గూడ్సు వచ్చింది, వెళ్ళింది. గేటు ఎత్తారు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఒకాయన దిగొచ్చి, "ఏవండీ, గేటు తీశారండీ" అన్నాడు. అవునండీ అన్నాను. పట్టాలకి అవతల రోడ్డు ఖాళీగా ఉంది. దాని మీద ఒక కొంగ నడుస్తోంది.