పద్దెనిమిది, ఒకటి

జాతకాలు కుదరక పెళ్ళి తప్పినవాళ్ళను చూసుంటారు, జీతం చాలక తప్పినవాళ్ళనూ చూసుంటారు. కంప్యూటర్ మాట విని సంబంధం చెడగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి ఇప్పుడు చూడండి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ వారం నేను ఏడవాల్సిందంతా ఏడ్చేశాను.

ఎనభైల చివరి రోజులు. అనంతపురంలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి. డిగ్రీలో నాతో చదివిన సరళది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇద్దరికీ పజిళ్ళ పిచ్చి. వారం వారం పోస్టుకార్డు మీద రహస్య లిపిలో రాసుకునేవాళ్ళం. పోస్ట్‌మాన్ మొదలు మగ్గం ముందున్న వాళ్ళ నాయన దాకా అందరూ ఆ కార్డు చదివేవారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పైగా ఆమె ప్రతిసారీ లిపి మార్చేది.

నా దగ్గర ఎడిటర్ ఉండేది, అంటే అక్షరాలు టైపు చేసి దిద్దుకునే ప్రోగ్రాం. మనం వరుసగా నొక్కిన మీటలను గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు అన్నీ మళ్ళీ తానే నొక్కుతుంది. దాన్ని మాక్రో అంటారు. ఇక చూడండి నా బడాయి! "నువ్వెట్ల రాసినా నా మిషను నిమిషంలో విప్పుతాది" అని ఆమెకు రాసేశాను.

సరళ కొత్త లిపి పంపింది. ఇంగ్లీషు అక్షరాలకు బదులు అంకెలు: ఎ అంటే ఒకటి, బి అంటే రెండు, అలా జడ్ దాకా. ఇంతలో కదిరి నుంచి ఆమెకో సంబంధం వచ్చిందని తెలిసింది. నా గుండె ఎండాకాలపు బోరుబావిలా గాలి కొట్టింది. వెంటనే రాశాను: "ఆదివారం మా నాయనను తీసుకుని మీ ఇంటికి రానా?"

జవాబు వచ్చింది: 18, 1. అంతే.

పసిపిల్లలైనా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేస్తారు కదా? నేను పండితుణ్ణి. మాక్రోకు అప్పజెప్పాను. ఒకటి కనబడితే ఎ పెట్టు, రెండు కనబడితే బి పెట్టు, అలా ఇరవై ఆరు దాకా. తెర మీద మూడు అక్షరాలు వెలిగాయి: ఎ, హెచ్, ఎ.

అహ!

అంటే వద్దు. నాకు మెతుకు మింగుడు పడలేదు. ఆదివారం పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని మా నాయన సిద్ధమయ్యాడు.

"బస్సుకు టైమయితాండాది, లెయ్‌రా."

"పోయేది లేదు నాయనా. వద్దంట."

"ఎవరు చెప్పినారు? ఆ పాపేనా?"

"కంప్యూటర్ చెప్పినాది."

నాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "దాన్నా నువ్వు చేసుకునేది?"

నేను దుప్పటి ముసుగేశాను. ఆయన పంచె మార్చకుండా సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాడు.

సోమవారం పాఠం మధ్యలో తలుపు దగ్గర సరళ. జుట్టు నిండా బస్సు దుమ్ము, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమప్పా, యాడ సచ్చినావు? మా అమ్మ బెల్లం ఓళిగలు చేసె. మా నాయన మగ్గం దిగి చొక్కా ఏసుకోని కూసునె. నేను వాకిట్లోనే నిలబడితి."

"నువ్వే గదా అహ అంటివి!"

"నేనా? రా అంటి!"

నా జేబులోని కార్డు లాక్కుని, నా చెయ్యి పట్టుకుని, నా వేళ్ళ మీదే లెక్కపెట్టింది. పద్దెనిమిదో అక్షరం ఆర్, ఒకటోది ఎ. రా! నా మాక్రో ముందు ఒకట్లన్నిటినీ ఎ చేసింది, పద్దెనిమిదిలోని ఒకటితో సహా. మిగిలిన ఎనిమిదిని హెచ్ చేసింది. అసలు తొమ్మిది దాటిన సంఖ్య దేనికీ వంతే రాలేదు. నా విద్యార్థులు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు.

"ఇప్పుడు రానా?" అన్నాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు. "ఇప్పుడు నోటితోనే చెప్తాండా, చెవులు పెట్టి విను. రా."

ఆ క్షణమే కీబోర్డు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఈ మనిషి మనసులో మాటను ఏ యంత్రాన్నీ అడగను. మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట తప్పలేదు. అర్థం కానప్పుడల్లా ఆమెనే అడుగుతున్నాను, తిట్లతో సహా జవాబు తప్పు లేకుండా వస్తోంది.