ముదీరు గారి ఖాళీ జాగా

అల్ ఖూజ్‌లో ఒక గోదాముల కంపెనీలో కంప్యూటర్ల స్టోరేజీ చూసేవాణ్ణి. డిస్కులన్నీ కలిపితే పూల్. అందులోంచి ఒక్కో శాఖకు కోసిచ్చే ముక్క వాల్యూమ్. అవసరాన్ని బట్టి ఇవ్వాలని చదువుకున్నాను. మా ఆఫీసులో మాత్రం హోదాను బట్టి ఇవ్వాలి. హెచ్చార్‌కు రెండు టెరాబైట్లు ఇచ్చానని తెలిసి కొనుగోళ్లాయన మూడడిగాడు. ఏం పెడతారండీ అంటే, "ముందు ఇవ్వండి, తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు.

కరోనా సద్దుమణిగిన ఏడాది కొత్త ముదీరు, అంటే ఇక్కడి అరబ్బీలో మేనేజరు, దిగాడు. అందరికంటే పెద్ద వాల్యూమ్ తనకే కావాలట. అదీ ఇంకెవరూ వాడుకోకుండా మొత్తం ముందే కట్టిపెట్టాలట. చోటు లేదు మహాప్రభో అన్నాను.

"ఖలాస్ భాయ్, కహీఁ సే నికాలో!"

ఎక్కణ్ణుంచి తియ్యను? నోరులేనివి గేటు కెమెరాలే. ముప్పై రోజులుండే వాటి రికార్డింగును మూడు రోజులకు కుదించాను. ఒక్కరూ అడగలేదు. నా భుజం నేనే చరుచుకున్నాను.

వారం తిరక్కుండానే, ఓ శుక్రవారం, అల్ కుసైస్ క్యాంపు నుంచి కూలీలను తెచ్చే బస్సు డ్రైవరు నా టేబుల్ ముందు నిలబడ్డాడు. జగిత్యాల వైపు మనిషి.

"అన్నా, గేటుకు గుద్దింది నేను గాదు, ఫోర్క్‌లిఫ్టు. ముదీర్ నా వీసా క్యాన్సల్ జేస్తా అంటుండు. కెమెరాల సూస్తే ఎరుకైతది. జర తియ్యరాదే."

"ఎప్పుడు జరిగింది?"

"సోమారం."

ఆ రోజుది చెరిగిపోయిందని చెప్పాను.

"అంత పెద్ద మిషిన్ల నాలుగు రోజులు గుడ పట్టయా అన్నా? మా రూముల ఎనిమిది మంచాలకు పన్నెండు మందిమి. డ్యూటీకి పోయినోని మంచం ఖాళీగెందుకుంచుతం?"

నేను సర్టిఫికెట్లు తెచ్చుకున్న విద్య మొత్తం అదే. సిగ్గుతో చచ్చిపోయాను. ముదీరు దగ్గరికెళ్లి, రికార్డింగు తీసేసింది నేనే, అతని తప్పని రుజువేదీ లేదు అన్నాను. తప్పు లేదని కూడా రుజువు లేదు కదా, యల్లా, పని చూసుకో అన్నాడు. డ్రైవరు వీసా రద్దయింది.

అతను ఊరికి విమానమెక్కిన రోజు ముదీరు గారి వాల్యూమ్ తెరిచి చూశాను. అంత జాగాలో ఒక్కటే ఫైలు: కుర్చీలో కూర్చున్న ఆయన ఫొటో.

ఆ వాల్యూమ్‌ను ఆయనకు చెప్పకుండా సగానికి కోసేశాను. ఇప్పటిదాకా ఆయనకు తెలియలేదు. కోసిన సగానికి 'ఆడిట్' అని పేరు పెట్టి, కెమెరాల రికార్డింగు అందులోకి మార్చాను. ఆ పేరు చూసి ఎవరూ ముట్టుకోరు. గేటు దగ్గరి ప్రతి సోమవారమూ ఇప్పుడు ముప్పై రోజులు భద్రంగా ఉంటోంది, ఆ ఒక్క సోమవారం తప్ప.