గొంతులు ఆగిన తర్వాత

మా పక్కింటి నర్సమ్మగారు పోయిన సోమవారం కన్నుమూశారు. గుండెపోటు. నేను పూజలో ఉండగా కబురు వచ్చింది. ఆమె కోసం కన్నీళ్లు రాకముందే నా చూపు తమ్ముడి మీదికి వెళ్లింది. ఇక వీణ్ణి ఎవరు కనిపెట్టి ఉంటారు అనుకున్నాను. ఆ స్వార్థానికి ఆమె నన్ను క్షమించాలి.

ఆమెది కోస్తా. భర్త ఫ్యాక్టరీ ఉద్యోగంతో వచ్చి పటాన్‌చెరులోనే ఉండిపోయారు. ఆమె మానసిక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనా వీధిలో అందరికీ నర్సమ్మే. ఎవరింటికి వెళ్లినా వంటింట్లో పీట లాక్కుని కూర్చునేవారు. “జబ్బు ముందు వంటింట్లోనే తెలుస్తుందమ్మా” అనేవారు.

తమ్ముడు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాడు. రెండేళ్ల కింద మెల్లగా మాటలు తగ్గించాడు. తర్వాత, నీళ్లు మందుల వాసన వస్తున్నాయని తాగడం మానేశాడు. మా వైపు ఉండేవారికి తెలుసు, ఫ్యాక్టరీల వల్ల బోరు నీళ్లకు ఆ వాసన మామూలే.

“ఈ బోరు నీళ్లు వాసన రాకుంటేనే పరేషాన్ గావాలె” అని అమ్మ నవ్వింది. నేను క్యాన్ నీళ్లు తెప్పించి, పని అయిపోయిందనుకున్నాను.

నర్సమ్మగారు ఒక కొబ్బరిబోండం తెచ్చి, వాడి ముందే కొట్టి ఇచ్చారు. వాడు ముట్టలేదు.

“ఇవి బోరు నీళ్లు కావుగా నాయనా?”

“దీంట్ల గూడ ఉంది ఆంటీ.”

“ఎవరు కలిపారు?”

“నేనే. నా చెయ్యి తాకిందల్లా విషమైతది. నేను ప్యాక్ చేసిన గోలీలు మింగి ఎంతమంది సచ్చిన్రో. రోజూ చెప్తుండు.”

“ఎవరు?”

వాడు చెవి చూపించాడు. ఆమె గొంతు మారలేదు.

“చచ్చిపోవాలనిపిస్తోందా?”

నేను తలుపు దగ్గరికి వేశాను. ఇంట్లో ఆ మాట పలకవచ్చా?

“అనిపిస్తుంది” అన్నాడు వాడు, అడిగేవారి కోసమే చూస్తున్నట్టు.

ఆ పూటే ఆటో పిలిపించి ఆమె మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అది దిగులు జబ్బు, డిప్రెషన్ అనీ, చెవిలో వినపడే ఆ గొంతు దానితో వచ్చిందే అనీ డాక్టరు చెప్పారు. మందులు వాడిన కొన్ని వారాలకు గొంతు ఆగింది. నీళ్లు తాగాడు. వాడి కోసం అమ్మవారికి మొక్కుకున్న మొక్కు తీర్చుకుందామని నేను బోనం కుండకు సున్నం పూస్తుంటే ఆమె వచ్చారు.

“నయమైంది నర్సమ్మగారూ. ఇప్పుడేం వినొస్తలేదట. ఇగ డ్యూటీకి పంపుదమనుకుంటున్నం.”

“బోనం ఎత్తండి, నేనూ వస్తాను. డ్యూటీకి మాత్రం తొందరపడకండి, మందులు ఆపకండి. గొంతులు ఆగడం వేరు, దిగులు తగ్గడం వేరు. మా వార్డులో పీకల్లోతు దిగుల్లో ఉన్నా కొందరికి ఏమీ వినపడేది కాదు. అంతకన్నా తక్కువ దిగుల్లోనే ఇంకొందరికి వినపడేది. ఒకటి చూసి రెండోది కొలవకండమ్మా.”

నేను వాడి చెవుల కోసమే ప్రార్థించానని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి వాడితో చిక్కుడుకాయలు ఒలిపించేవారు. “నీకన్నా ఈ కాయ నయం రా, గిల్లితే నారైనా వస్తుంది. నోరు విప్పు” అనేవారు. వాడు నవ్వేవాడు. ఆ నవ్వు మధ్యలోనే అడగవలసినవన్నీ అడిగేసేవారు. కొన్ని నెలలకు వాడు డ్యూటీకి వెళ్లాడు.

ఆమె పోయిన మూడో రోజు ఉదయం తమ్ముడు మంచం దిగలేదు. దేవుణ్ణి తలుచుకుని పక్కన కూర్చున్నాను.

“తమ్మీ, ఏమన్న వినొస్తుందా?”

“లేదక్కా.”

ఒకప్పుడైతే హమ్మయ్య అని లేచిపోయేదాన్ని. లేవలేదు.

“మరి సావాలనిపిస్తుందా?”

వాడు లేచి కూర్చున్నాడు.

“జెర జెర అనిపిస్తుంది. డాక్టర్ తాన పోదామా అక్కా?”

అప్పుడే బయలుదేరాం. హైవే మీద కంపెనీ బస్సులు షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని పోతున్నాయి. మేం అవతలి వైపు, ఆసుపత్రికి వెళ్లే ఆటో కోసం నిలబడ్డాం. వాడు తనంతట తానే స్నానం చేసి, తయారై వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. సరిచేయబోయి, వాడే పెట్టుకున్నాడు కదా అని చెయ్యి దించుకున్నాను.