నెత్తురు కారే అక్షరాలు

మార్కాపురం బస్టాండు ఎదుట కొత్త సినిమా ఫ్లెక్సీ కట్టారు. నలుపు మీద నెత్తురు కారుతున్నట్టు ఎర్రటి అక్షరాలు. చూడలేక తల తిప్పుకున్నాను.

మీకు గుర్తుందా, మన చిన్నప్పుడు పేరు చదవకుండానే ఏ రకం సినిమానో చెప్పేసేవాళ్లం. పసుపు రంగు మెలికల అక్షరాలైతే కుటుంబకథ, ఇలా కారుతుంటే దయ్యాల సినిమా. చదువు రాని మా అమ్మకు మాత్రం ఆ ఎరుపు యేసయ్య రక్తమే. పొదిలిలో బొమ్మల్లేని అలాంటి పోస్టరు చూసి, "సువార్త సభలా నాయనా?" అని నన్నడిగింది. పక్కన నా స్నేహితులు నవ్వు ఆపుకుంటున్నారు.

"అవునమ్మా, సభలే" అన్నాను.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "పొదిలిలో సభలు పెట్టినారు, అందరం పోదాం" అని చెప్పింది.

"అది దయ్యం సినిమా గదమ్మా. నీకెవరు చెప్పినారు?" అన్నాడు సంఘపెద్ద. చర్చంతా నవ్వింది. అమ్మ నావైపు ఒక్కసారి చూసింది.

"ఎవరూ చెప్పలేదన్నా. నాకు చదువు రాదు గదా, నేనే అట్ల అనుకున్నా."

ఇంటికొచ్చాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.