నిమ్మరసానికి పొంగని రాయి

గిర్మిట్ అనే కూలీ ఒప్పందం ముగిసిన ఏడాది, ఈ దీవిలో నాడీ ఊరికి దక్షిణాన సముద్రపు ఒడ్డున కాస్త మెరక నేల కౌలుకు తీసుకున్నాం. పలుగు వేస్తే అంతా పగడపు సున్నపురాయి. చుక్క నీరు లేదు. నిండు చూలాలైన నా భార్య దూరపు వాగు నుంచి బిందె మోసుకొచ్చేది. కాన్పులోగా బావిలో నీళ్లు పడకపోతే నేల వదిలేసి మళ్ళీ కూలీ లైన్ల ఇరుకు గదులకే పోదామనుకున్నాం.

నాతో బావి తవ్వినవాడు, నాతో ఒకే ఓడలో వచ్చిన జహాజీ అన్న. వాళ్లది బావులు తవ్వే వంశం. రోజూ పని మొదలుపెట్టే ముందు పూజగా రాతి మీద నిమ్మకాయ కోసి పిండేవాడు. రసం పడగానే రాయి నురగ కక్కేది.

"చూసినావా, నేలతల్లి తాగేస్తంది!" అని నవ్వేవాడు.

పైరాతిలో పగడపు కొమ్మలు, గవ్వలు చెక్కినట్టు కనిపించేవి. లోతుకు దిగేకొద్దీ ఆ రూపాలు చెదిరిపోయాయి. ఒకనాడు చక్కెర పలుకుల్లా మెరిసే రాయి తగిలింది. దాని మీద పిండిన రసం పిండినట్టే నిలిచింది.

అన్న పలుగు పక్కన పెట్టేశాడు. "తల్లి మొహం తిప్పేసింది రా. కామ్ ఖతమ్. పూడ్చేద్దాం."

"ఇంకో కాయ పిండన్నా."

"తోటంతా పిండినా అంతే."

గట్టు మీద నడుం పట్టుకుని నిలబడ్డ నా భార్య అంతా వింది. "మీ తల్లి ముసల్దయుంటది అన్నయ్యా. పళ్లు లేనోళ్లకి వక్క దంచి ఇయ్యాల గదా!"

అన్న గొణుక్కుంటూనే రాతిని పొడి చేసి రసం పిండాడు. కాసేపటికి ఆ పొడిలోంచి సన్నని బుడగలు, ఒకదాని వెనుక ఒకటి లేచాయి.

"అరే, తింటంది! ధీరే ధీరే తింటంది!"

మళ్ళీ దిగాం. ఇంకొంత లోతున రాతిలో గవ్వల ఆకారంలో తొర్రలు కనిపించాయి. గవ్వలు లేవు, వాటి అచ్చులే ఉన్నాయి. లోపలి గోడల నిండా ఆవగింజలంత స్ఫటికాలు.

అది డోలమైట్ అని చాలా ఏళ్లకు, రాళ్లు పరిశీలించడానికి వచ్చిన ఒకాయన చెప్పాడు. చచ్చిన పగడాల మీద మరిన్ని పగడాలు పేరుకుని, కిందివి పూడిపోయాయట. యుగాల తరబడి సముద్రపు నీరు వాటి సందుల్లో ఊరుతూ తనలోని మెగ్నీషియం ఇచ్చి, కొంత సున్నం పట్టుకుపోయిందట. పాత రాయి కణం కణంగా కరుగుతూ, ఉన్నచోటే కొత్త స్ఫటికమై పుట్టిందట. చిన్న స్ఫటికాలు మళ్ళీ కరిగి పెద్దవాటిలో కలిసిపోయేసరికి కొమ్మల రూపు చెరిగిపోయిందట. తర్వాతెప్పుడో దీవి పైకి లేచింది. ఎవరూ చూడకుండా చీకట్లో ఇంత పని జరిగిందా అని ఆ రోజంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

ఆనాడు మాకివేవీ తెలియవు. తెలిసిందల్లా ఒక్కటే. పలుగు దెబ్బకు ఓ గవ్వతొర్ర చిట్లి, అందులోంచి నీరు మా పాదాల మీదికి వచ్చింది. తేరాక చెంబుతో పైకి అందించాం. నా భార్య పుక్కిలించి చూసి, "ఉప్పు లేదు" అంది.

అన్న పైకెక్కి, మర్నాటి పూజకని దాచిన నిమ్మకాయ తీసి, ఆమె చేతిలోని చెంబులో పిండాడు.

"తల్లికి చాల్లే. ఇది నువ్వు తాగమ్మా."