అత్త కొడుకు పాట

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి, చాప మీద ఇంకా జాగా ఉంది. ఆ రోజుల్లో మా కట్టంగూరు దిక్కు ఆడవాళ్లం మొగుని పేరు నోటితో పలికేవాళ్లం కాదు. రేషను దుకాణంలో అడిగినా పక్కనున్నవాళ్లతో చెప్పించేదాన్ని. అలాంటి నాకు పేర్లు చెప్పే పని అప్పజెప్పారు.

మైకు సెట్లు కిరాయికిచ్చే భాయ్ పట్నం నుంచి ఒక మిషను తెచ్చాడు. ఒకే క్యాసెట్టు మీద నాలుగు గొంతులను వేర్వేరు వరుసల్లో పట్టి, తర్వాత కావలసినవి కలుపుకోవచ్చు. గొర్లు కాసే మా ఆయనకు పాటల పిచ్చి. ఆయన పాట జాతరలో మైకు మీద వేస్తారని, నచ్చితే వచ్చే ఏడు దేవుని గద్దె దగ్గర ఆయనతోనే పాడిస్తానని కులపెద్ద మాట ఇచ్చాడు. డోలు ఒక వరుసలో, తాళాలు ఒక వరుసలో, ఆయన గొంతు మూడో వరుసలో పట్టేసి మగవాళ్లంతా మందల వెంట పోయారు. క్యాసెట్టు మీద అంటించిన చీటీలు ఎండకు ఊడిపోతున్నాయని భాయ్ నన్ను పిలిచాడు. "చెల్లె, నాలుగో వరుస ఖాళీగున్నది. ఏ వరుసల ఏమున్నదో, ఎవరిదో, పేరుతోని దాంట్ల చెప్పు. కలిపేటప్పుడు నేనొక్కన్నే ఇనుకుంట" అని మీట నొక్కి చాయ్ తాగడానికి పోయాడు.

డోలు మా మరిదిది, తాళాలు మేనమామవి అన్నాను. మరి మూడోది? "మా అత్త కొడుకుది" అన్నాను. అత్తకు ఇద్దరు కొడుకులు కదా, భాయ్ ఎట్లా గుర్తుపడతాడని ఆనవాళ్లు కూడా చెప్పుకుంటూ పోయాను. (భాయ్ ఆయన్ని చిన్ననాటి నుంచి ఎరుగునని తట్టలేదు.) మిషను ఆగలేదు, నేనూ ఆగలేదు.

జాతరనాడు మైకులో డోలు మోగింది, ఆయన గొంతు లేచింది. కులపెద్ద కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. అంతలో గుట్టలన్నిటికీ వినబడేలా నా గొంతు! "మూడోది మా అత్త కొడుకుది. పెద్దోడు, గురక పెట్టేటోడు. గొర్రె తప్పిపోతే ఏడుస్తడు గని నేను తల్లిగారింటికి పోతే ఏడ్వడు. గొంతు మాత్రం మంచిగుంటది భాయ్, గీ ముచ్చట నేనెన్నడు ఆయనకు చెప్పలే."

చేతిలోని కొబ్బరికాయ జారి నా కాలి మీద పడింది, నొప్పి కూడా తెలియలేదు. ఆయన తలగుడ్డను ముఖం మీదికి లాక్కున్నాడు. జాతర తొందరలో వినకుండానే నాలుగు వరుసలూ కలిపేసిన భాయ్ మిషను వెనక దాక్కున్నాడు. జనం నవ్వడం కూడా మరిచి మా అత్త ముఖం చూశారు. ఆమె మాత్రం పాట అయ్యేదాకా చెవి ఒగ్గి విన్నది.

"శురూ నుంచి ఆఖరి దాక ఇన్న" అంది. "ఒక్కపారి గూడ నా కొడుకు పేరెత్తలే. నా కోడలు మంచిది."

కులపెద్ద కళ్లు తెరిచాడు. "వచ్చే ఏడు నువ్వే పాడు బిడ్డా. గని నీ పెండ్లాన్ని మైకుకు జర దూరం కూసోబెట్టు."

తిరుగుదారిలో ఆయన నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. ఊరు దగ్గరపడ్డాక ఆగి, "గొంతు మంచిగుంటదా?" అని ఒక్క మాట అడిగాడు.

మొన్న మనవరాలు ఆ పాటను ఫోన్లోకి ఎక్కించి, "అవ్వా, ఫైలుకు ఏం పేరు పెట్టాలె? తాత పేరు చెప్పు" అంది. పళ్లూడిన ఈ నోటికి ఇంకా సిగ్గు పోలేదు. 'అత్త కొడుకు' అని పెట్టించి, నాలో నేనే నవ్వుకున్నాను. పక్క మంచంలో గురక సాగుతూనే ఉంది. మీ ఇంట్లో గొంతులన్నీ ఇట్లాగే కలిసిమెలిసి పది కాలాలు చల్లగా ఉండాలి.