కోటి పిక్కలు

పక్కింటి బాలింతరాలి తల్లి పొద్దున్నే నువ్వుల నూనె వెచ్చచేసి మనవడి కాళ్ళు రుద్దుతుంటే ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వస్తుంది. నందిగామలో బడిపిల్లలకు జీవశాస్త్రం చెబుతూ ఇన్నేళ్ళు గడిచినా, ఆ వాసన తగిలితే చేతిలో పని ఆపేసి కిటికీ మూస్తాను. మా కోటి దగ్గర ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది.

కోటి మా బాబాయి కొడుకు, నాకంటే మూడేళ్ళు చిన్న. బాబాయికి నందిగామ బజార్లో కిరాణా కొట్టు, నాన్నకు జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. దసరా సెలవులివ్వగానే సుబ్బులు పిన్ని వాణ్ణి తీసుకుని మా ఇంటికి వచ్చేది. వానలు వెనకపట్టి, పెరట్లో బంతిపూలు విరగబూసి, మెట్లుమెట్లుగా పేర్చిన బల్లల మీద అమ్మ బొమ్మల కొలువు పెట్టి, పులిహోర తాలింపు వాసనా గారెల వాసనా కలిసి ఇల్లంతా కమ్ముకునే ఆ రోజుల్లో, భోంచేసి వక్క నములుతూ పడక్కుర్చీలో కూర్చునే తాతయ్యకు ఒక అలవాటుండేది. మనవల్ని వరసగా పిలిచి కాలిపిక్కలు నొక్కి చూసేవాడు. మావన్నీ పుల్లలే. కోటివి మాత్రం ఏడేళ్ళకే గుండ్రంగా, గట్టిగా, పెద్దవాళ్ళ పిక్కల్లా ఉండేవి. "రాయల్లే ఉన్నాయిరా. వీడు వస్తాదవుతాడు" అని, వాడి కంచంలో ఇంకో చెంచాడు నెయ్యి వెయ్యమనేవాడు. పిన్ని పొంగిపోయి రోజూ ఆ కాళ్ళకు నూనె రాసి రుద్దేది.

అంతలేసి పిక్కలున్నవాడు ఏడుపెంకులాటలో నాలుగడుగులు పరిగెత్తగానే పడిపోయేవాడు. మునివేళ్ళ మీద నడిచేవాడు. డాబా మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఏ జట్టూ వాణ్ణి కోరుకునేది కాదు. పెద్దవాళ్ళు బద్ధకమన్నారు. నేను దొంగవేషాలన్నాను. నిజానికి నాకు అసూయ. తరగతిలో మొదటి మార్కులు నావే అయినా, ఆ ఇంట్లో వాడి పిక్కలకొచ్చినంత పేరు నా మార్కులకు రాలేదు.

వాడికి ఏడేళ్ళున్న ఆ దసరాకు, నవమినాడు పేరంటానికొచ్చినవాళ్ళ ముందు పిల్లలం తలా ఒక పాటో పద్యమో వినిపించాలన్నారు. నాకు గొంతు లేదు. నా వంతు రాగానే కొలువు ముందు నేలమీద చతికిలబడి, "కోటిగాడు లేస్తున్నాడు చూడండి" అని, ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకానించి, నడుము పైకెత్తి, ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి తొడ మీద వేసి, తన ఒంటిని తానే నిచ్చెన చేసుకుని ఎక్కుతున్నట్టు జానెడు జానెడే పాకుతూ లేచి నిలబడ్డాను. శనగల పొట్లాలు పట్టుకున్న ఆడవాళ్ళంతా విరగబడి నవ్వి ఇంకోసారి చెయ్యమన్నారు. చేశాను. పిన్ని కూడా నవ్వింది. కోటి ముందు నవ్వాడు, తర్వాత మానేశాడు. అందరి ముందూ లేవాల్సి వస్తుందని కాబోలు, పేరంటం అయ్యేదాకా కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

రెండేళ్ళకు వాడు రోజుకు పదిసార్లు పడుతుంటే బెజవాడ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించారు. పిన్నికి తోడుగా అమ్మ వెళ్తే, అమ్మ వెంట నేనూ వెళ్ళాను. ఆయన పిక్కలు నొక్కి, వాణ్ణి నేలమీద కూర్చోబెట్టి లేవమన్నారు. వాడు ఒక్కసారి నావైపు చూసి, లేచాడు. అచ్చం నేను కొలువు ముందు లేచినట్టే. డాక్టరు వాణ్ణి పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టారు. ఆ పిక్కల్లో ఉన్నది కండ కాదనీ, లోపల కండ చచ్చిపోయినచోటల్లా కొవ్వూ పీచూ పేరుకుని లావెక్కాయనీ, తొడల్లో సత్తువ లేకే వాడు చేతులతో ఒళ్ళు పైకి తోసుకుంటున్నాడనీ మెల్లగా చెప్పారు.

"ఇలా లేవడం ఎప్పట్నుంచమ్మా?"

"నేను గమనించలేదండి" అంది పిన్ని.

అమ్మ తల దించుకుంది.

పదకొండో ఏట కోటి నడక పోయింది. పరీక్షలనో, జ్వరమనో వంక చెప్పి నేను నందిగామ వెళ్ళడం తగ్గించాను. ఊపిరి పీల్చే కండలకూ అదే గతి పట్టి, వాడు పంతొమ్మిదో ఏట పోయాడు.

ఇప్పుడు తాతయ్య లేడు. జగ్గయ్యపేట ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల కొట్లు కట్టారు. కొలువు బొమ్మలు ఎవరికిచ్చామో కూడా గుర్తులేదు. పిన్ని మాత్రం మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటోంది. పోయిన నెల ఆమె కందిపప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని ఆ పేరంటం సంగతి ఎత్తాను.

"ఊరుకోవే. పదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు" అంది, చేట మీంచి కళ్ళెత్తకుండా.

నాకు తెలుసు. ఆ నవమికి ముందురోజు, పెరట్లో తనొక్కడే ఉన్నాననుకుని వాడు లేవబోయి, చెయ్యి జారి మొహం నేలకు కొట్టుకుని, ఏడవకుండా మళ్ళీ మొదలుపెట్టి, మూడోసారికి లేచాడు. ఎవరూ చూడనిచోట ఎవరూ వేషాలెయ్యరని పదేళ్ళకు తెలియకపోదు. అయినా నేను తలుపు చాటున నిలబడి, ఏ చెయ్యి ముందు వేస్తున్నాడో, ఏది తర్వాత వేస్తున్నాడో చూసి నేర్చుకున్నాను. ఆ మాట పిన్నికి ఇంకా చెప్పలేదు.